పాముల్లో కాళ్ల జన్యువు పోయిందా?
పాముకు కాళ్లు లేవంటే ఆ జన్యువే పోయిందా అని చాలామంది అడుగుతారు. పోలేదు. కాళ్ల ఎదుగుదలకు కావలసిన సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువు పాములో నిక్షేపంగా ఉంది. అదే పోతే మెదడు, వెన్నుపాము సరిగా ఏర్పడక పిండమే నిలవదు. చెడింది దాని స్విచ్: జన్యువుకు చాలా దూరంలో ఉంటూ, కాళ్ల మొగ్గల్లో మాత్రమే దాన్ని ఆన్ చేసే జెడ్‌ఆర్‌ఎస్ అనే డీఎన్‌ఏ ముక్క.

2016లో ఎలుకల్లో ఈ ముక్క తీసి పాముది పెట్టారు. ఒళ్లంతా మామూలే, కాళ్లు మాత్రం మొండిగా మిగిలాయి. కొండచిలువ ముక్కలో లోపించిన 17 డీఎన్‌ఏ అక్షరాలు తిరిగి చేర్చి చూస్తే కాళ్లు చక్కగా వచ్చేశాయి! (నాకు భలే ఇష్టమైన ప్రయోగం.) కొండచిలువలో స్విచ్ పూర్తిగా చావలేదు, తోక మొదట్లో రెండు చిన్న గోళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి, అవి వెనక కాళ్ల అవశేషాలే.