తెలిసిన మాటనే నిఘంటువులో వెతుకు

చిరంజీవి నాయనకు ఆశీస్సులు.

నీవు అనువదించి పంపిన మొదటి రెండు అధ్యాయాలూ మూలం పక్కన పెట్టుకుని చదివాను. తెలుగు తడబడకుండా నడిచినందుకు సంతోషం. నిఘంటువు చూసి అర్థం రాసిన కఠినపదాల్లో ఒక్క పొరపాటూ కనబడలేదు. చూడనక్కరలేదని నీవు దాటిపోయిన తేలికమాటల్లోనే ఏడెనిమిది తప్పులు దొర్లాయి. రెండువందల ఏళ్ల నాటి ఇంగ్లీషు పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నవారు చాలామంది పడే గుంట ఇదే, నేనూ పడ్డాను.

తొలిరోజుల్లో నేనొక పాత ఉత్తరాల సంపుటిని తెలిగించాను. రోగి ఇంటివారు కబురు పంపితే వైద్యుడు 'ప్రెజెంట్లీ' వస్తానన్నాడని అందులో ఉంది. అప్పట్లో ఆ మాటకు 'తక్షణమే' అని అర్థం. నేను 'ప్రస్తుతం వస్తున్నాను' అని రాసి ముందుకు సాగిపోయాను. వాక్యం అతికినట్టే ఉండడంతో అచ్చయ్యేదాకా అనుమానమే రాలేదు. అర్థం పొసగకపోతే ఆగి వెతుకుతాము, తప్పుడు అర్థం కూడా పొసగినప్పుడే మోసపోతాము.

ఇది ఇంగ్లీషుకే పరిమితమైన చిక్కు కాదని నీకు తెలుసు. మన కావ్యాల్లో 'కంపు' పరిమళానికీ చెల్లేది, 'చీర' అంటే ఏ వస్త్రమైనా అయ్యేది. ఈనాటి అర్థాలు పట్టుకుని ఆ పద్యాలు చదివితే పూలతోటలు ముక్కు మూయిస్తాయి, మునులందరూ చీరలు కట్టుకుని తపస్సు చేస్తారు. మాట అర్థం ఇరుకైతే అర్థసంకోచం, మంచి అర్థం చెడుగా దిగజారితే అర్థాపకర్ష అని వ్యాకరణ తరగతిలో చదువుకున్నదే ఇంగ్లీషులోనూ జరిగింది. 1611 నాటి బైబిలు అనువాదంలో 'మీట్' అంటే ఏ ఆహారమైనా కావచ్చు, మాంసమే కానక్కరలేదు. షేక్‌స్పియర్ పాత్ర నోట 'లెట్' వస్తే అనుమతించడమా, అడ్డగించడమా అని సందర్భం చూసి తేల్చాలి. ఆ రెండు అర్థాలూ అప్పటికి వాడుకలో ఉన్నాయి. 'నైస్' పుట్టింది 'ఎరుగని' అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి. అది మొదట తెలివితక్కువతనాన్ని, తరువాత అతిసున్నితాన్ని, నిశితత్వాన్ని చెప్పి, చివరికి 'బాగుంది' అనే మెచ్చుకోలు దగ్గరికి చేరింది. అందుచేత 'నైస్' కనబడినప్పుడల్లా ఆ పుస్తకం ఏ సంవత్సరానిదో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఇక నిఘంటువుల సంగతి. పాతది దొరికింది కదా అని ఏదో ఒకటి తెరిస్తే సరిపోదు, ఒక్కొక్కదానికీ ఒక్కొక్క స్వభావం ఉంది. 1604లో రాబర్ట్ కాడ్రీ వెలువరించిన చిన్న పుస్తకంలో సుమారు 2,500 మాటలున్నా అవన్నీ కఠినపదాలే; కాబట్టి నీకు కావలసిన తేలికమాట అందులో ఉండకపోవచ్చు. శామ్యూల్ జాన్సన్ 1755లో ప్రచురించిన నిఘంటువు నీకు బాగా పనికివస్తుంది. అందులో సుమారు 42,000 మాటలు, వాటికి లక్షకు మించిన ఉదాహరణ వాక్యాలు ఉన్నాయి. 'అఫీషియస్' అంటే ఈనాడు పిలవకుండా తలదూర్చేవాడు; జాన్సన్ మొదట చెప్పిన అర్థం దయతో మేలు చేసేవాడని. ఈనాడు మెచ్చుకోలుగా వాడే 'ఎంథూజియాజం' ఆయనకు దైవానుగ్రహం తనకే దక్కిందన్న వట్టి భ్రమ. అయితే ఆయన ఉదాహరణలను ఎక్కువగా తనకు ముందటి తరాల రచయితల నుంచి ఏరుకున్నాడు. అందువల్ల 1755 నాటి పుస్తకంలో నీవు చూసే వాక్యం అంతకు నూట యాభై ఏళ్ల ముందరిది కావచ్చు. వాక్యం కింద ఉన్న రచయిత పేరు చూడనిదే అర్థానికి కాలం కట్టవద్దు. మరొక చిన్నమాట: ఐ, జె అక్షరాల మాటలను ఆయన ఒకే వరుసలో కలిపేశాడు, యు, వి అక్షరాలనూ అంతే, వెతికిన మాట దొరకలేదని పుస్తకం మూసేయకు.

కాలం తేల్చడానికి నేను నమ్ముకున్నది ఆక్స్‌ఫర్డ్ వారి పెద్ద నిఘంటువు. 1884లో తొలిభాగం వెలువడితే 1928కి గానీ అది పూర్తికాలేదు. ప్రతి అర్థం కిందా ఏ సంవత్సరంలో ఎవరు ఎలా వాడారో వరుసగా వాక్యాలుంటాయి. అర్థవివరణ కన్నా ముందు ఆ సంవత్సరాలు చదువు. నీ పుస్తకం అచ్చయిన ఏడాదికి అటూ ఇటూ ఉన్న వాక్యాలు ఏ అర్థం కింద ఉన్నాయో చూస్తే సగం సందేహం తీరుతుంది. మాట పక్కన చిన్న కటారి గుర్తు ఉంటే అది వాడుకలో లేదని లెక్క. ఇంత పెద్ద పుస్తకానికీ దాని కాలమే హద్దు. దాని తొలి సంపుటంలో 'అపెండిసైటిస్' లేదు. 1902లో ఏడవ ఎడ్వర్డ్ రాజుకు ఆ జబ్బే వచ్చి పట్టాభిషేకం వాయిదా పడినప్పుడు ఆ మాట అందరి నోటా నానింది.

ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే వాటితో మరీ జాగ్రత్తగా ఉండు. హక్కుల గడువు తీరిన 1913 నాటి వెబ్‌స్టర్ అనే అమెరికా నిఘంటువు పాఠాన్ని సంవత్సరం చెప్పకుండా పెట్టేసిన చోట్లు ఎన్నో ఉన్నాయి. 'కంప్యూటర్' అని వెతికి చూడు. లెక్కలు కట్టే మనిషి అని మాత్రమే వస్తే, నీవు ఏ కాలపు పుస్తకంలో ఉన్నావో తెలిసిపోతుంది. ఇంకొక సంగతి: కొన్ని నిఘంటువులు అతిపాత అర్థాన్ని మొదట పెడతాయి, కొన్ని ఈనాటి వాడుకను మొదట పెడతాయి. ముందుమాట చదివితే ఆ పద్ధతి తెలుస్తుంది. ముందుమాట చదివేవారు ఎందుకో అరుదు.

నీ రెండవ అధ్యాయం చివర ఆ పెద్దావిడ 'కాండర్'ను అందరూ మెచ్చుకున్నారన్న చోట నీవు 'ముక్కుసూటితనం' అని రాశావు. ఆ నాటికి ఆ మాట ఎదుటివారిని చెడుగా తలచని సౌమ్యమైన మనసుకు కూడా చెల్లేది. ముక్కుసూటిగా మాట్లాడే మనిషే అయితే తరువాతి పేజీలో ఆవిడ ఒకడు చెప్పిన అబద్ధాన్ని నమ్మి అతణ్ణి ఎందుకు వెనకేసుకు వచ్చింది? ఆ వాక్యం దగ్గర మళ్లీ మొదలుపెట్టి, సవరించిన ప్రతి పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న