ఇల్లు తాకట్టు పెట్టి రేసు సీటు కొనొద్దు

ప్రశ్న: మాది గాజువాక. నా వయసు 44. పరవాడలో ఓ ఫార్మా కంపెనీలో ప్రొడక్షన్ మేనేజర్‌ని, జీతం చేతికి 1.35 లక్షలు వస్తుంది. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, 28 వేలు. ఇంటి ఖర్చు నెలకు 85 వేలు. మా అబ్బాయికి 15 ఏళ్లు నిండాయి. పదేళ్ల వయసు నుంచి కార్టింగ్ (చిన్న రేసు బండ్ల పోటీలు) చేస్తున్నాడు, జాతీయ పోటీల్లో పోడియం ఎక్కాడు. ఇప్పుడు ఫార్ములా 4 (ఎఫ్4) కార్ల రేసుకి వెళ్లాలి. ఒక సీజన్‌కీ, చలికాలంలో దుబాయ్‌లో టెస్టింగ్‌కీ కలిపి టీమ్ వాళ్లు 60 లక్షలు అడుగుతున్నారు. అందులో దుబాయ్ వాటా 22 లక్షలు. టోకెన్‌గా లక్షన్నర ఇచ్చాను. మధురవాడలో 1.2 కోట్ల విలువైన ఇల్లుంది, అప్పు లేదు. బ్యాంకు 10.5 శాతం వడ్డీకి 15 ఏళ్లకు ఇంటిపై 60 లక్షలు ఇస్తానంటోంది. ఎఫ్‌డీలో 9 లక్షలుండేవి. నిరుడు కార్టుకీ టైర్లకీ 7 లక్షలు తీశాను. బంగారంపై 4 లక్షల అప్పుంది. టర్మ్ పాలసీ 50 లక్షలు, కంపెనీ హెల్త్ కవర్ 5 లక్షలు. పాప ఎనిమిదో తరగతి. రెండేళ్లలో స్పాన్సర్ దొరుకుతాడని నమ్మకం. ఫ్రెంచ్ డ్రైవర్ ఎస్తెబాన్ ఒకోన్ తల్లిదండ్రులు కూడా ఇల్లు అమ్మే కొడుకుని ఫార్ములా 1 (ఎఫ్1)కి పంపారు కదా. లోన్ తీసుకోవచ్చా? పీఎఫ్ తీయడం మేలా? బావమరిది పది లక్షలు చేబదులు ఇస్తానంటున్నాడు.

జవాబు: తీసుకోవద్దండి. ఈ నెలే కాదు, మీరు రాసిన ఈ లెక్కలు మారేదాకా ఏ నెలా తీసుకోవద్దు.

ఈ ప్రశ్నకు ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం ఉంది. రేసింగ్ గురించి అడిగేవాళ్లు తక్కువే గానీ టెన్నిస్, షూటింగ్, క్రికెట్ అకాడమీల పేరుతో ఇదే కథ తరచూ వస్తుంది. ముందు ఎఫ్‌డీ కరుగుతుంది. తర్వాత ఇంట్లో బంగారం బ్యాంకు లాకర్ నుంచి బ్యాంకు కౌంటర్ దగ్గరికి వెళ్తుంది. ఆ తర్వాత ఇంటి కాగితాలు. మీరు మొదటి రెండు మెట్లు దాటేసి మూడో దాని దగ్గర నిలబడి అడుగుతున్నారు. అసలు పొరపాటు మాత్రం నిరుడే జరిగింది, ఆ 7 లక్షలు తీసిన రోజున. అది మీ ఇంటి అత్యవసర నిధి. దాన్ని టైర్లకు ఖర్చుపెట్టారు.

ఇప్పుడు మీ దగ్గర ఉన్నది 2 లక్షలు. అంటే రెండు నెలల పదిరోజుల ఖర్చు. పరవాడ, అచ్యుతాపురం వైపు ఒక ప్లాంటులో ప్రమాదం జరిగినా, తనిఖీల్లో తేడా వచ్చినా ఉత్పత్తి ఎన్నాళ్లు ఆగుతుందో ప్రొడక్షన్‌లో ఉన్న మీకు నేను చెప్పక్కర్లేదు. మీ ఉద్యోగం ఉన్నది అలాంటి రంగంలో, ఇంటి ఆదాయంలో ఐదింట నాలుగు వంతులకు పైగా వచ్చేది ఆ ఒక్క జీతం మీదే. ఇలాంటి ఇంటికి ఆరు నెలల నిధి కూడా నా లెక్కలో చాలదు.

ఈఎంఐ లెక్క చూడండి. 60 లక్షలకు 10.5 శాతం చొప్పున 15 ఏళ్లకు నెలకు సుమారు 66,300 రూపాయలు. ఇంటి ఖర్చుతో కలిపితే 1,51,300. ఇద్దరి జీతం 1,63,000. మిగిలే 11,700లో బంగారం మీద వడ్డీ పోగా ఎనిమిది, తొమ్మిది వేలు చేతిలో ఉంటాయి. మొత్తం కాలానికి కట్టే వడ్డీ దాదాపు 59 లక్షలు, అసలుకు అసలు. పైగా 44కి 15 కలిపితే 59. మీ కంపెనీలో రిటైర్మెంట్ 58కే అయితే ఆఖరి ఏడాది ఈఎంఐలు జీతం లేకుండా కట్టాలి. సీజన్ చూస్తే నాలుగైదు రౌండ్లు, కొన్ని నెలల్లో అయిపోతుంది. దాని అప్పు మాత్రం మీ అబ్బాయికి ముప్పై ఏళ్లు వచ్చేదాకా ఉంటుంది.

కంతు 90 రోజులు దాటి బాకీపడితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. ఆపైన, తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుంది. రెండు నెలల నిధి ఉన్న ఇంటికి ఉద్యోగం పోతే ఆ నోటీసు ఎంత దూరంలో ఉందో మీరే లెక్కేసుకోండి.

టీమ్ ఒప్పందం కాపీ కూడా పంపారు, మంచి పని చేశారు. ఆరో పేజీ మీరు చదివారో లేదో తెలియదు. ట్రాక్ మీద కారుకు జరిగే నష్టం, తప్పు ఎవరిదైనా సరే, డ్రైవర్ తరఫువాళ్లే భరించాలని అక్కడ రాసి ఉంది. సీజన్‌కు ముందు 4 లక్షల డిపాజిట్ కట్టాలి. అది అయిపోతే మళ్లీ నింపేదాకా కారు గ్యారేజీ దాటదు. ఇది మీ టీమ్ ఒక్కటే పెట్టిన షరతు కాదు, జూనియర్ ఫార్ములాల్లో మామూలే. చక్రాలు బయటికి ఉండే కార్లు. మొదటి మలుపులో పక్క కుర్రాడు వచ్చి చక్రానికి చక్రం తగిలించినా సస్పెన్షన్ ఆర్మ్‌లు వంగుతాయి, ఫ్రంట్ వింగ్ పోతుంది, బిల్లు మీ పేరు మీద వస్తుంది. ఈ 4 లక్షలు మీ 60 లక్షల్లో లేవు. రెండో రౌండ్‌కి ముందు శుక్రవారం సాయంత్రం టీమ్ మేనేజరు ఫోన్ చేసి డిపాజిట్ నింపమంటే మీరు ఏం చేస్తారు? నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. ఏడాదికి 24 శాతం. అక్కడిదాకా వెళ్లిన తండ్రులను చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

బిల్లు కారుకే కాదు, పిల్లాడికీ రావచ్చు. మీ మెయిల్లో నన్ను ఎక్కువ భయపెట్టింది ‘హెల్త్ కవర్ 5 లక్షలు’ అన్న మాట. ఆరోగ్య బీమా పాలసీల్లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణికం చేసిన మినహాయింపుల్లో తొమ్మిదోది సాహస క్రీడల గురించి. ప్రొఫెషనల్‌గా పాల్గొన్నప్పుడు తగిలిన దెబ్బలకు చికిత్స ఖర్చు ఇవ్వక్కర్లేదని అందులో ఉంటుంది, మోటార్ రేసింగ్ అని పేరు పెట్టి మరీ రాశారు. లైసెన్సు తీసుకుని, టీమ్‌తో ఒప్పందం రాసుకుని, డబ్బు కట్టి పరుగెత్తే కుర్రాడు ప్రొఫెషనలా కాదా అన్న వాదన ఆస్పత్రి క్యాష్ కౌంటర్ దగ్గర మొదలుకాకూడదు. కంపెనీ గ్రూప్ పాలసీ షరతులు వేరుగా ఉండొచ్చు. అందుకే హెచ్‌ఆర్‌ని నోటిమాటగా అడగొద్దు. ‘మా అబ్బాయి ఫార్ములా కారు నడుపుతాడు, టెస్టింగ్‌లో గాయపడితే క్లెయిమ్ వస్తుందా’ అని బీమా కంపెనీకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. వ్యక్తిగత ప్రమాద బీమాల్లో కూడా రేసింగ్‌ను సాధారణంగా మినహాయిస్తారు. మన దేశ మోటార్ క్రీడల సమాఖ్య ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ లైసెన్సుతో గానీ, పోటీ నిర్వాహకుల నుంచి గానీ ఏ బీమా వస్తోంది, ఎంత మొత్తానికి, రేసు రోజులకేనా టెస్టింగ్ రోజులకు కూడానా, దుబాయ్‌లో పనిచేస్తుందా అన్న నాలుగు ప్రశ్నలకు కాగితం మీద జవాబు లేకుండా పిల్లాణ్ణి కాక్‌పిట్‌లో కూర్చోబెట్టొద్దు. మోటార్‌స్పోర్ట్స్‌కు విడిగా కవర్ ఇచ్చే బ్రోకర్లున్నారు. ఖరీదైనా కొనాల్సిందే, అది సీజన్ ఖర్చులో భాగం.

ఈ కారణాలన్నీ కలిపితే మీ అత్యవసర నిధి రెండు భాగాలు. ఇంటి కోసం ఏడాది ఖర్చు, 10.2 లక్షలు. రేసింగ్ కోసం విడిగా 5 లక్షలు, కారు దెబ్బకీ బీమా ఇవ్వని చికిత్సకీ. రెండూ వేర్వేరు ఖాతాల్లో ఉండాలి, రెండోది అయిపోతే మొదటిదాన్ని ముట్టుకోకూడదు, ఆ సీజన్ అక్కడే ఆపాలి. ఇంటి నిధిలో మూడు నెలల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో, మిగతాది స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో (అవసరమైనప్పుడు డబ్బు దానంతటదే సేవింగ్స్ ఖాతాలోకి వచ్చే డిపాజిట్) పెట్టండి. ఖాతా భార్యాభర్తలిద్దరి పేర్ల మీద, ఎవరో ఒకరి సంతకంతో తీసేలా ఉండాలి. పది, పదిహేను వేలు నోట్లుగా ఇంట్లో ఉంచండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక కరెంటు లేక, సిగ్నల్ లేక, ఏటీఎంలు పనిచేయక మన ఊరు ఎలా ఉందో గాజువాకలో ఉన్న మీకు గుర్తుండే ఉంటుంది. పాల ప్యాకెట్‌కైనా పెట్రోలుకైనా నోటే కావాల్సి వచ్చింది.

ఒకోన్ విషయం రాశారు. ఆయన తల్లిదండ్రులు ఇల్లు అమ్మారు, కారవాన్‌లో బతికారు, నిజమే. అమ్మారు గానీ తాకట్టు పెట్టలేదు. అమ్మినవాడికి ఇల్లు పోతుంది, అక్కడితో సరి. తాకట్టు పెట్టినవాడికి ఇల్లు పోయే ప్రమాదంతోపాటు పదిహేనేళ్ల ఈఎంఐ కూడా ఉంటుంది. ఇల్లు అమ్మి ఎఫ్4లోనో ఎఫ్3లోనో ఆగిపోయిన పిల్లల తల్లిదండ్రులను ఏ టీవీ ఇంటర్వ్యూ చేయదు. ఎఫ్1 ఛాంపియన్ లూయిస్ హామిల్టన్ తండ్రి ఒకేసారి రెండు మూడు ఉద్యోగాలు చేసిన మాట కూడా వాస్తవమే, కానీ 1998లో, 13 ఏళ్ల వయసులోనే, ఎఫ్1 టీమ్ మెక్‌లారెన్ ఆ పిల్లాణ్ణి తన పథకంలోకి తీసుకుంది. అక్కడినుంచి ఆ బరువు తండ్రి ఒక్కడి మీద లేదు.

పైకి వెళ్లేకొద్దీ ఖర్చు ఎలా పెరుగుతుందో కూడా తెలుసుకోండి. ఎఫ్4 తర్వాత ఫార్ములా రీజనల్, ఆపైన ఎఫ్3, ఎఫ్2. ఎఫ్3 సీజన్‌కు పది లక్షల యూరోలకు అటూఇటూగా, ఎఫ్2కి ఇరవై లక్షల యూరోలకు పైనే అన్నది రేసింగ్ వాళ్లందరూ చెప్పుకునే అంకె. యూరోను వంద రూపాయలుగా లెక్కేసినా పది కోట్లు, ఇరవై కోట్లు, అదీ ఒక్కో ఏడాదికి. ఎఫ్1కి కావాల్సిన సూపర్ లైసెన్స్‌కు మూడు సీజన్లలో 40 పాయింట్లు రావాలి. ఎఫ్4 ఛాంపియన్‌కు వచ్చేవి 12. ఎఫ్1లో 2025 దాకా ఉన్నవి 20 సీట్లు, కొత్త టీమ్ క్యాడిలాక్ రాకతో 2026లో 22. మన దేశం నుంచి ఇప్పటిదాకా అక్కడ రేసు చేసింది 2005లో నారాయణ్ కార్తికేయన్, 2010లో కరుణ్ చంధోక్, ఇద్దరే. ఎఫ్2లో రేసులు గెలిచిన జెహాన్ దారువాలాకు ఎఫ్1 సీటు రాలేదు, ఎలక్ట్రిక్ కార్ల పోటీ అయిన ఫార్ములా ఈకి వెళ్లాడు. 2025లో మొనాకోలో ఎఫ్2 స్ప్రింట్ రేసు గెలిచిన కుశ్ మైనీ ఎంత ప్రతిభావంతుడో అందరూ చూశారు. మీవాడికి ప్రతిభ లేదని నేననడం లేదు. ప్రతిభ ఉన్నా మీ 60 లక్షలు మొదటి మెట్టుకే సరిపోతాయి, రెండో మెట్టుకు తాకట్టు పెట్టడానికి మీ దగ్గర ఇంకో ఇల్లు లేదు.

స్పాన్సర్ డబ్బు ఖాతాలో పడేదాకా దాన్ని సున్నాగా లెక్కించండి. పడినా ఆ ఒక్క సీజన్‌కే.

మిగతావి క్లుప్తంగా. పీఎఫ్ ముట్టుకోవద్దు. బావమరిది డబ్బు వద్దు, అప్పు తీర్చలేని ఏడాది మీ ఆవిడ పుట్టింటికి వెళ్లలేని పరిస్థితి వస్తుంది. పర్సనల్ లోన్, చిట్టీ పాట గురించి ఆలోచించకండి. దుబాయ్‌కి 22 లక్షలు పంపితే 10 లక్షలు దాటిన 12 లక్షల మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందే కోసే పన్ను), అంటే 2.4 లక్షలు, అక్కడే కోస్తుంది. రిటర్నులో సర్దుకోవచ్చు గానీ అప్పటిదాకా ఆ డబ్బు మీది కాదు. టర్మ్ కవర్ 50 లక్షలు చాలదు, మొత్తం కోటిన్నరకు పెంచండి, పాప చదువు దాని మీదే ఆధారపడి ఉంది. ఆ పాప గురించి మీ మెయిల్లో ఉన్నది ‘ఎనిమిదో తరగతి’ అన్న రెండు మాటలే. మూడేళ్లలో ఇంటర్మీడియెట్ ఫీజు మొదలవుతుంది.

ఇక ఏం చేయాలంటే, మీ ఇద్దరి జీతంలో ఖర్చు పోగా నెలకు 78 వేలు మిగలాలి. కార్టింగ్‌కు నెలకు 20 వేలు పరిమితి పెట్టండి, 3 వేలు బంగారం వడ్డీకి పోతాయి. మిగిలే 55 వేలతో ఎనిమిది నెలల్లో 4 లక్షల బంగారం అప్పు తీరుతుంది. తర్వాత ఆరు నెలల్లో నిధి మీ 2 లక్షలతో కలిపి 5.3 లక్షలకు చేరుతుంది, అంటే ఆరు నెలల ఖర్చు. అప్పటికి అబ్బాయికి పదహారు దాటుతుంది. అక్కడినుంచి నెల మిగులులో సగం వరకు రేసింగ్‌కు ఇవ్వొచ్చు, మిగతా సగం పైన చెప్పిన రెండు నిధులూ నిండేదాకా వాటికే. ఆ డబ్బుతో కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలోనో చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలోనో ఎల్‌జీబీ ఫార్ములా 4 అనే దేశవాళీ తరగతిలో దిగొచ్చు. అదీ సింగిల్ సీటరే (ఒకే సీటున్న రేసు కారు), ఖర్చు మీకు చెప్పినదానితో పోలిస్తే చాలా తక్కువ. అక్కడి ఫలితాలు చూపించి స్పాన్సర్‌ను అడగడం, ఒట్టి కార్టింగ్ ఫొటోలు చూపించి అడగడం కంటే నయం. రేసింగులో ఏడాది ఆలస్యం చిన్న విషయం కాదని నాకు తెలుసు, పదిహేనేళ్ల పిల్లాడికి ఈ మాట చెప్పడం ఇంకా కష్టం. అయినా అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ లెక్కలన్నీ చూపించండి. పదేళ్ల వయసు నుంచి ల్యాప్ టైములు చదువుతున్న కుర్రాడికి ఈఎంఐ పట్టిక అర్థంకాకపోదు.

ఒప్పందం మీద సంతకానికి ఈ నెల 20 గడువన్నారు. సంతకం చేయకండి. టోకెన్ లక్షన్నర తిరిగి ఇవ్వమని ఇవాళే మెయిల్ పెట్టండి. వాళ్లు ఇవ్వబోమంటే వదిలేసుకోండి, ఆ లక్షన్నర కోసం 60 లక్షల కాగితం మీద సంతకం పెట్టొద్దు. బ్యాంకువాళ్లు విలువ కట్టడానికి మధురవాడ ఇంటికి మనిషిని పంపేలోపే దరఖాస్తు వెనక్కి తీసుకుని, ఇంటి దస్తావేజులు వాళ్లకు ఇచ్చి ఉంటే రసీదు చూపించి తెచ్చేసుకోండి.