కథలు రాసే అమ్మాయికి ఇంగ్లిష్‌లో మార్కులెందుకు తగ్గాయి?

ప్రశ్న: మాది కాకినాడ. మా అమ్మాయి సీబీఎస్ఈలో 12వ తరగతి, కామర్స్ గ్రూపు. చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్‌లో కథలు రాస్తుంది. అలాంటిది హాఫ్ ఇయర్లీలో ఇంగ్లిష్‌కి 80కి 49 వచ్చాయి. క్రియేటివ్ రైటింగ్ కోర్సులో చేర్పిస్తే మార్కులు కూడా పెరుగుతాయని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెబుతున్నారు. చేర్పించమంటారా? బోర్డు పరీక్షలు అయ్యేదాకా కథలు మానేయమని చెప్పాలా? - ఒక తండ్రి

జవాబు: ఆ కోర్సుకు ఇప్పుడే డబ్బు కట్టకండి. ముందు హాఫ్ ఇయర్లీ ఆన్సర్ షీట్ తెప్పించి, పోయిన 31 మార్కులు ఏ ప్రశ్న దగ్గర ఎన్ని పోయాయో మీ అమ్మాయి చేతే లెక్క వేయించండి.

ఇంగ్లిష్ కోర్ పేపర్‌లో రీడింగ్‌కు 22, క్రియేటివ్ రైటింగ్ స్కిల్స్‌కు 18, ఫ్లమింగో, విస్టాస్ అనే పాఠ్యపుస్తకాల్లోని పాఠాలకు 40 మార్కులు ఉంటాయి. క్రియేటివ్ అని పేరు పెట్టారే గానీ ఆ 18 మార్కుల్లో కథ ఊసే లేదు. నోటీసు, ఆహ్వానం లేదా దానికి జవాబు, లెటర్, ఆర్టికల్ లేదా రిపోర్టు... అంతే. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నేర్పేది వేరు, బోర్డు అడిగేది వేరు.

రాయడం బాగా వచ్చిన పిల్లలు తరచూ దెబ్బతినేది నోటీసు దగ్గరే. స్కూల్లో పుస్తక ప్రదర్శన గురించి నోటీసు రాయమంటే, పుస్తకాల గొప్పతనం మీద రెండు అందమైన వాక్యాలతో మొదలుపెడతారు. ఉన్నదే 50 పదాలు. చివరికొచ్చేసరికి ప్రదర్శన ఏ హాల్లోనో, ఎన్ని గంటలకో రాయడానికి చోటుండదు. 4 మార్కుల్లో ఒకటి ఫార్మాట్‌కే: బాక్సు, స్కూలు పేరు, తేదీ, హెడ్డింగ్, కింద పేరూ హోదా. రెండు మార్కులు విషయానికి. చక్కటి ఇంగ్లిష్‌కి మిగిలేది ఒక్కటే.

లెటర్‌లో ఇంకో తంటా. ఉద్యోగ దరఖాస్తులో 'ఐ యామ్ హ్యావింగ్ గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్' అని మన పిల్లలు చాలామంది రాసేస్తారు. అక్కడ 'ఐ హ్యావ్' చాలు. ఇలాంటివి కథలో కనపడకుండా జారిపోతాయేమో గానీ, 150 పదాల లెటర్‌లో ఎగ్జామినర్ కళ్లలో పడతాయి.

అసలు బరువంతా పాఠాల 40 మార్కుల మీద ఉంది. అక్కడ గైడులోంచి బట్టీ పట్టిన జవాబు పనికిరాదు. ఆ పాత్ర అలా ఎందుకు ప్రవర్తించింది, ఈ రెండు పాఠాలకు పోలికేమిటి అన్నట్టు అడుగుతున్నారు. నిజానికి కథలు రాసే పిల్లకు ఇది కలిసొచ్చే చోటు. ఇక్కడే మార్కులు పోయి ఉంటే, పాఠం పూర్తిగా చదవకుండా సమ్మరీతో సరిపెట్టుకుందేమో అడిగి చూడండి.

దీనికి ట్యూషన్ అక్కర్లేదనే నా అభిప్రాయం. సీబీఎస్ఈ వెబ్‌సైట్‌లో శాంపిల్ పేపర్లు, వాటి మార్కింగ్ స్కీములు ఉచితంగా ఉన్నాయి. వారానికి ఒక లెటర్, రెండు పాఠ్య ప్రశ్నలు గడియారం పెట్టుకుని రాసి, స్కూల్లో ఇంగ్లిష్ టీచర్‌కి చూపించమనండి. అడిగి దిద్దించుకునే పిల్లలు తక్కువ కాబట్టి చాలామంది టీచర్లు సంతోషంగానే దిద్దుతారు. చాట్‌జీపీటీతో లెటర్ రాయించుకుని చదివితే ఒరిగేదేమీ లేదు. తను రాసిన లెటర్ ఇచ్చి, తప్పులు చూపించమంటే కొంత ఉపయోగం.

ఇంటర్నల్స్ 20 మార్కుల్లో ప్రాజెక్టుకు 10 ఉంటాయి. ఇంటర్వ్యూ, పాడ్‌కాస్ట్, నాటకం స్క్రిప్టు లాంటివి అందులో చేయొచ్చు. మీ అమ్మాయి టాలెంట్ మార్కులుగా మారేది ఇక్కడే. టీచర్‌తో మాట్లాడి స్క్రిప్టు ఎంచుకోమనండి.

కథలు మాత్రం మాన్పించకండి. వారంలో ఒక పూట చాలు. ఆ అమ్మాయికి ఇప్పుడు కావలసింది కోర్సు కాదు, 'బాగుంది' అనేసి ఊరుకోకుండా ఎక్కడ బోర్ కొట్టిందో చెప్పే పాఠకుడు. సీనియర్ కావచ్చు, లైబ్రేరియన్ కావచ్చు, మీరే కావచ్చు. ఒకే కథను మూడుసార్లు తిరగరాయడం కొత్తగా మూడు కథలు రాయడం కంటే ఎక్కువ నేర్పుతుంది. రాయల్ కామన్వెల్త్ సొసైటీ 1883లో మొదలుపెట్టిన అంతర్జాతీయ స్కూలు రచనల పోటీ ఒకటుంది. వ్యాసమే రాయాలని లేదు, కథ, కవిత కూడా పంపొచ్చు. వయసు నిబంధన, గడువు చూసుకుని పంపమనండి.

ఇంటర్ తర్వాత సంగతి కూడా మీ మనసులో ఉండే ఉంటుంది. బీఏ ఇంగ్లిష్ అనగానే టీచర్ ఉద్యోగమొక్కటే అనుకోనక్కర్లేదు. జర్నలిజం, పబ్లిషింగ్, అడ్వర్టైజింగ్, కంపెనీల్లో కంటెంట్ పనులు ఉన్నాయి. జీతం మొదట్లో బీటెక్ వాళ్లతో పోటీ పడకపోవచ్చు, ఆ మాట ఇప్పుడే చెప్పుకోవడం మంచిది. హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) మీకు దగ్గర. ఢిల్లీ యూనివర్సిటీ 2022 నుంచి డిగ్రీ సీట్లు సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష స్కోరుతో ఇస్తోంది. లా మీద ఆసక్తి ఉంటే, లా ప్రవేశ పరీక్ష క్లాట్ పేపర్ అంతా పాసేజీలే, చదివే అలవాటున్న వాళ్లకు అది అనుకూలం. సీయూఈటీ అప్లికేషన్‌లో ఏయే సబ్జెక్టులు పెట్టాలన్నది కావలసిన కోర్సును బట్టి మారుతుంది కనుక, ఫారం నింపే ముందు ఆ యూనివర్సిటీ ఇచ్చిన అర్హతల పట్టికను మీరిద్దరూ కలిసి చదవండి.