టాపిక్ రెండుసార్లు మార్చింది, ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ‘ఇష్టమైన అంశం నువ్వే ఎంచుకుని నువ్వే చెయ్యి’ అంటూ స్కూల్లో నాలుగు నెలల ప్రాజెక్ట్ ఇచ్చారు. మొదట అంతరిక్షం అంది, తర్వాత కుక్కల శిక్షణ అంది, ఇప్పుడు యానిమేషన్ సినిమా తీస్తానంటోంది. నెల గడిచినా ఒక్క గీత పడలేదు. ఇంజినీరింగ్‌కి పనికొచ్చేలా రోబోటిక్స్ చేయించమని వాళ్ల నాన్నగారు అంటున్నారు. ఫస్ట్ ప్రైజ్ తెస్తే ట్యాబ్ కొనిస్తానని నేను ఆశ పెట్టాను. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ట్యాబ్ మాట వెనక్కి తీసుకోండి. మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో ఒక ప్రయోగం వివరాలు ప్రచురించారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లల్ని మూడు జట్లు చేశారు. బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ఒక జట్టుకి ముందే చెప్పారు. రెండో జట్టుకి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మూడో జట్టుకి ఏమీ లేదు. కొన్నాళ్లకి అవే పెన్నులు మళ్లీ ముందు పెడితే, ముందే ఆశపెట్టిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సగం సేపే వాటి జోలికి వెళ్లారు. చెప్పకుండా ఇచ్చినవాళ్లలో ఆ ఇష్టం తగ్గలేదు. ట్యాబ్ కొనాలనుంటే ఈ ప్రాజెక్ట్‌తో ముడిపెట్టకుండా ఎప్పుడైనా కొనండి.

ఇక టాపిక్ మార్చడం. మొదటి నెలలో రెండుసార్లు మార్చడం నాకు పెద్ద తప్పుగా అనిపించలేదు. అసలు చిక్కు ఆ టాపిక్‌లు మరీ పెద్దవి కావడం. అంతరిక్షం అంటే ఏ కొసన పట్టుకోవాలి? యానిమేషన్ సినిమా కూడా అంతే. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు (కదలని చిత్రాలు) నడుస్తాయి. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములకి వాడుకున్నా సెకనుకి 12 బొమ్మలు గీయాలి. ఐదు నిమిషాల కథంటే 3,600 బొమ్మలు! మూడో రోజుకి ఈ లెక్క అర్థమైపోతుంది, నాలుగో టాపిక్ మొదలవుతుంది.

‘నిజంగా ఇష్టమైతే కష్టం అనిపించదు’ అనే మాట కూడా ఇంట్లో ఎవరూ అనకండి. నేనూ ఒకప్పుడు పిల్లలతో ఈ మాట తెగ అనేవాణ్ణి. 2018లో ఓకీఫ్, డ్వెక్, వాల్టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన చూశాక మానేశాను. ఇష్టం అనేది పుట్టుకతో వచ్చి ఎక్కడో దాక్కుని ఉంటుందని, దాన్ని వెతికి పట్టుకోవడమే మన పని అని నమ్మేవాళ్లు, పని కష్టంగా మారగానే ఇష్టాన్ని తొందరగా పోగొట్టుకున్నారట. ఇష్టం చేస్తూ చేస్తూ పెరుగుతుందని నమ్మినవాళ్లు ఇంకాసేపు నిలబడ్డారు.

కాబట్టి టాపిక్ మార్చకండి, చిన్నది చేయించండి. ఐదు సెకన్లు చాలు, అంటే 60 బొమ్మలు. దానికో ప్రశ్న తగిలించాలి. నాకు తోచింది చెబుతాను, ఇలాంటిదే తనే ఇంకొకటి వెతుక్కుంటే ఇంకా మంచిది: ‘ఒకే సైజు, ఒకే రంగు గుండ్రాలు మూడు కింద పడుతున్నాయి. ఏది రబ్బరు బంతి, ఏది ఇనప గుండు, ఏది గాలి బుడగ అన్నది కదలికని బట్టే చూసేవాళ్లకి తెలియాలి. ఎలా?’

ఈ ప్రశ్నతో పని దానంతటదే బయటికొస్తుంది. నిజం బంతిని పడేసి ఫోన్‌తో స్లో మోషన్‌లో తీయాలి. ఒక్కో ఫ్రేము ఆపి చూసి, ఎంత దూరం పడిందో కొలవాలి. సమానమైన వ్యవధుల్లో పడే దూరాలు 1, 3, 5, 7 లెక్కన పెరుగుతాయని గెలీలియో చెప్పిన నియమం తన బొమ్మల మధ్య ఖాళీల్లోనే కనిపిస్తుంది. గాలి బుడగ దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క తప్పుతుంది. ఎందుకు తప్పిందని అడిగితే గాలి నిరోధం గురించి మాట్లాడాల్సిందే. ఫిజిక్స్ పోతుందని వాళ్ల నాన్నగారికి బెంగ ఉంటే ఈ పేరా చదివి వినిపించండి.

మీరు చేయాల్సింది తక్కువే. ‘ఎంతవరకు వచ్చింది?’ అని రోజూ అడిగితే టెన్షన్ పెరుగుతుంది. ‘ఇవాళ ఎక్కడ ఆగిపోయావు? చూపించు’ అని వారానికి రెండుసార్లు అడగండి. గీత వంకరగా ఉన్నా పెన్సిల్ మీరు అందుకోవద్దు. పాడైన బొమ్మలు పారేయకుండా తేదీ వేసి దాచమనండి, రోజుకి మూడు లైన్లు రాసుకోమనండి. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ సిలబస్) స్కూళ్లలో మిడిల్ ఇయర్స్ (సుమారు ఆరు నుంచి పదో తరగతి) పిల్లలు ఇలాంటి పర్సనల్ ప్రాజెక్టే చేస్తారు. అందులో 24 మార్కులు ప్రణాళికకి, నైపుణ్యాల వాడకానికి, సమీక్షకి తలా 8 చొప్పున ఉంటాయి. తయారుచేసిన వస్తువుకి విడిగా మార్కుల్లేవు. మీ స్కూల్ పద్ధతి ఏమిటో టీచర్‌ని అడిగి తెలుసుకోండి.

కెరీర్ మాట. ఒక ప్రాజెక్ట్‌ని బట్టి యానిమేటర్ అవుతుందా, ఇంజినీర్ అవుతుందా అని తేల్చకండి. ఏ పని దగ్గర అన్నానికి పిలిచినా లేవడం లేదో మాత్రం గమనించండి. గీయడమా, కొలవడమా, శబ్దం జతచేయడమా, తమ్ముడికో స్నేహితురాలికో వివరించడమా? పదో తరగతి తర్వాత గ్రూపు గురించి మాట్లాడుకునేటప్పుడు ఆ గమనిక మీకు పనికొస్తుంది.

మళ్లీ మార్చేస్తానంటే? 60 బొమ్మలు పూర్తయ్యాక మార్చుకోవచ్చని ఇప్పుడే ఒప్పందం చేసుకోండి. సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్‌లతో మొదలుపెట్టనివ్వకండి, రెండు వారాలు అందులోనే పోతాయి. ఒక చిన్న నోట్‌ప్యాడ్ ఇచ్చి, పేజీల మూలల్లో మొదటి 12 బొమ్మలు ఈ ఆదివారమే గీయమనండి. బొటనవేలితో పేజీలు గబగబా తిప్పితే ఒక సెకను సినిమా అక్కడే కనిపిస్తుంది.