సరఫరా వ్యవస్థలో ఆర్‌ఎఫ్‌ఐడి ట్యాగులు పర్యావరణానికి ఎలా మేలు చేస్తాయి?

ఆర్‌ఎఫ్‌ఐడి ట్యాగు అంటే రేడియో తరంగాలతో సరుకును గుర్తించేందుకు దానికి అంటించే చిన్న చీటీ. అది తనంతట తాను కాలుష్యాన్ని తగ్గించదు. ఏ సరుకు ఎక్కడ, ఎంత ఉందో కచ్చితంగా చెబుతుంది. మేలంతా ఆ సమాచారాన్ని వాడుకోవడంలోనే ఉంది.

బార్‌కోడ్‌ను ఒక్కొక్కటిగా, స్కానరుకు ఎదురుగా పెట్టి చదవాలి. గోదాముల్లో ఎక్కువగా వాడే ఆర్‌ఎఫ్‌ఐడి ట్యాగులు 860–960 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేస్తాయి. వాటికి బ్యాటరీ ఉండదు. రీడరు (ట్యాగును చదివే పరికరం) పంపే రేడియో తరంగాల శక్తితోనే బదులిస్తాయి. అందుకే పెట్టెలు విప్పకుండానే, కొన్ని మీటర్ల దూరం నుంచి, వందల వస్తువులను క్షణాల్లో లెక్కించవచ్చు.

లెక్క సరిగా లేని గోదాములో ఏం జరుగుతుంది? ఉన్న సరుకునే లేదనుకుని మళ్లీ తయారు చేయిస్తారు. ఎందుకైనా మంచిదని అదనంగా నిల్వ పెడతారు. మూలన పడిన మందులు, ఆహారం గడువు దాటి చెత్తలో కలుస్తాయి. వాటితోపాటు వాటి తయారీకి, రవాణాకు ఖర్చయిన నీరు, విద్యుత్తు, ఇంధనం కూడా మట్టిపాలే. నా దృష్టిలో ఆర్‌ఎఫ్‌ఐడి చేసే అసలు మేలు ఈ వృథాను అడ్డుకోవడమే. గడువు ముందుగా తీరే పెట్టెను ముందుగా పంపవచ్చు. ఉష్ణోగ్రతను నమోదు చేసే ట్యాగయితే ఏ పెట్టె వేడెక్కిందో తెలుస్తుంది కనుక, అనుమానంతో లోడు మొత్తాన్ని పారేయనవసరం లేదు.

మళ్లీ మళ్లీ వాడే క్రేట్లు, ప్యాలెట్లు (సరుకు పేర్చే చట్రాలు) దారిలో పోకుండా తిరిగి రావడానికీ ఇవి తోడ్పడతాయి.

ఒక్క జాగ్రత్త: సాధారణ ట్యాగులో సిలికాన్ చిప్పు, లోహపు యాంటెన్నా, తరచుగా ప్లాస్టిక్ పొర ఉంటాయి. చవక వస్తువులన్నిటికీ అంటిస్తే అదీ చెత్తే. వీలైన చోట కాగితం పొరపై చేసిన ట్యాగులను, క్రేట్లకు ఏళ్ల తరబడి మన్నే ట్యాగులను ఎంచుకోవాలి.