మెమరీ లీక్ గురించి మేనల్లుడికి రాసిన లేఖ

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీ అప్లికేషన్ తెరిచిన కొత్తలో చురుగ్గా ఉండి, గంటల తరబడి వాడాక ట్యాబ్ మొరాయిస్తోందని రాశావు. జావాస్క్రిప్ట్‌లో అక్కర్లేని మెమరీని తనంతట తానే ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ ఉండగా ఇలా ఎందుకు జరుగుతుందని అడిగావు. పని అయిపోయినవి మెమరీలోనే పేరుకుపోవడాన్నే మెమరీ లీక్ అంటారు. నీకు ఏది అక్కర్లేదో కలెక్టర్‌కు తెలియదు. విండో వంటి గ్లోబల్ ఆబ్జెక్టుల నుంచీ, ఆ క్షణాన నడుస్తున్న ఫంక్షన్ల నుంచీ బయలుదేరి రిఫరెన్సుల (ఒకటి మరొకదాన్ని పట్టుకునే లంకెల) వెంట వెళితే దేన్ని చేరుకోగలమో, దేన్ని చేరుకోలేమో మాత్రమే అది చూస్తుంది. చేరుకోగలిగిన దాన్ని ముట్టుకోదు. కాబట్టి ఆబ్జెక్టును తుడిచేయడం మన పని కాదు, దాని దగ్గరికి వెళ్లే దారులన్నీ తెంచడమే మన పని. డిలీట్ ఆపరేటర్ ఒక ప్రాపర్టీని తొలగిస్తుందే తప్ప మెమరీని విడుదల చేయదు. వేరియబుల్‌లో నల్ పెట్టినా, అదే ఆబ్జెక్టును ఇంకెవరైనా పట్టుకుని ఉంటే ప్రయోజనం ఉండదు.

రెండు ఆబ్జెక్టులు ఒకదాన్నొకటి పట్టుకుంటే లీక్ అవుతుందని నీకు ఎవరో చెప్పారన్నావు. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 కాలంలో డామ్ ఆబ్జెక్టులకు (పేజీలోని ఎలిమెంట్లకు) రిఫరెన్స్ కౌంటింగ్, అంటే పట్టుకున్నవారి సంఖ్య సున్నా అయితేనే విడుదల చేసే పద్ధతి, ఉండేది కనుక అప్పట్లో ఆ మాట నిజమే. నేటి బ్రౌజర్లలో అలాంటి వలయం బయటి నుంచి దారి తెగిన వెంటనే చెత్త కిందే లెక్క. ఆ భయం వదిలెయ్.

అసలు భయపడాల్సింది ఈవెంట్ లిజనర్ల గురించి, అంటే క్లిక్, రీసైజ్ వంటివి జరిగినప్పుడు నడవమని తగిలించే ఫంక్షన్ల గురించి. చాలా ఏళ్ల కిందట నేను రాసిన ఒక పేజీలో చార్టు తెరిచిన ప్రతిసారీ విండో మీద రీసైజ్ లిజనర్ ఒకటి చేరేది. చార్టు మూసినప్పుడు ఎలిమెంట్‌ను పేజీ నుంచి తీసేశాను గానీ లిజనర్‌ను తీయలేదు. విండో ఆ ఫంక్షన్‌ను పట్టుకుంది, ఫంక్షన్ తన క్లోజర్ (తాను పుట్టిన చోటి వేరియబుల్స్‌ను గుర్తుంచుకునే గుణం) ద్వారా చార్టును పట్టుకుంది, చార్టు తనకిచ్చిన వేల వరుసల డేటాను పట్టుకుంది. నేను మాత్రం రోజుల తరబడి డేటా స్ట్రక్చర్లలోనే తప్పు వెతికాను. ఎలిమెంట్‌కే తగిలించిన లిజనర్ ఆ ఎలిమెంట్‌తో పాటే పోతుంది. విండో, డాక్యుమెంట్, అప్లికేషన్ అంతటా బతికుండే స్టోర్ (డేటా దాచే చోటు) వంటి దీర్ఘాయుష్షు గల వాటికి తగిలించినదే ప్రమాదం.

అందుకే ఇప్పుడు నేను ప్రతి తెరకూ ఒక అబార్ట్‌కంట్రోలర్ (ఒక్క సిగ్నల్‌తో పనులను ఆపించే ఆబ్జెక్టు) పెడతాను. ఆ తెరలో రాసే ప్రతి యాడ్‌ఈవెంట్‌లిజనర్‌కూ, సర్వర్ నుంచి డేటా తెచ్చే ప్రతి ఫెచ్‌కూ దాని సిగ్నల్ ఇస్తే, తెర మూసేటప్పుడు ఒక్కసారి అబార్ట్ పిలవడంతో లిజనర్లన్నీ తొలగిపోతాయి, మధ్యలో ఉన్న ఫెచ్‌లు ఆగిపోతాయి. ఒక ఫంక్షన్‌ను పదేపదే నడిపే సెట్‌ఇంటర్వల్‌కు ఈ సౌకర్యం లేదు గనుక క్లియర్‌ఇంటర్వల్ నువ్వే పిలవాలి. ఎలిమెంట్ల మార్పులను గమనించే అబ్జర్వర్లకు డిస్‌కనెక్ట్, సర్వర్‌తో తెరిచి ఉంచే వెబ్‌సాకెట్‌కు క్లోజ్ పిలవాలి. క్రియేట్‌ఆబ్జెక్ట్‌యూఆర్ఎల్‌తో ఒక ఫైలుకు చేసిన చిరునామాను రివోక్ చేయకపోతే ఆ ఫైలు పేజీ మూసేదాకా మెమరీలోనే ఉంటుంది. తెరిచే వరుస రాసిన చోటే మూసే వరుసా రాయి. తర్వాత రాద్దామనుకుంటే మరిచిపోతావు.

ఎలిమెంట్లను కీలుగా పెట్టుకునే క్యాష్‌కు మ్యాప్ బదులు, కీని చెత్త కాకుండా ఆపని వీక్‌మ్యాప్ వాడు. కీ స్ట్రింగ్ అయితే వీక్‌మ్యాప్ పనికిరాదు, కాబట్టి మ్యాప్‌కే ఒక హద్దు పెట్టి పాతవి తీసేయాలి. 2021 జావాస్క్రిప్ట్ ప్రమాణంలో వచ్చిన, ఆబ్జెక్టు పోయాక కాల్‌బ్యాక్ (మనం ఇచ్చిన ఫంక్షన్) నడిపే ఫైనలైజేషన్‌రిజిస్ట్రీ మీద మాత్రం శుభ్రపరిచే బాధ్యత మోపకు. దాని కాల్‌బ్యాక్ ఎప్పుడు నడుస్తుందో, అసలు నడుస్తుందో లేదో హామీ లేదు.

ఇక కొలత. మెమరీ గ్రాఫు రంపపు పళ్లలా ఎగిసి పడటం సహజం. ప్రతి పతనం తర్వాతి అడుగు మట్టం పైపైకి జరుగుతుంటేనే అనుమానించు. క్రోమ్ డెవ్‌టూల్స్‌లోని మెమరీ ప్యానెల్ తెరిచి, అనుమానం ఉన్న తెరను ఒకసారి తెరిచి మూసి హీప్ స్నాప్‌షాట్ (ఆ క్షణాన మెమరీలో ఉన్న ఆబ్జెక్టుల చిత్రం) తీయి. తర్వాత సరిగ్గా 7 సార్లు తెరిచి మూసి, రెండో స్నాప్‌షాట్ తీసి, రెండింటినీ పోల్చు. 7 గానీ 14 గానీ పెరిగిన ఆబ్జెక్టులు ఉంటే, తెరిచిన ప్రతిసారీ ఒకటో రెండో మిగిలాయన్నమాట, అవి యాదృచ్ఛికం కావు. డిటాచ్డ్ అని వెతికితే, పేజీ నుంచి తీసేసినా మెమరీలో మిగిలిపోయిన ఎలిమెంట్లు బయటపడతాయి. ఒకదాన్ని ఎంచుకుంటే దాన్ని ఎవరు పట్టుకున్నారో రిటైనర్స్ భాగం చూపిస్తుంది. ఈ పరీక్షకు ముందు కన్సోల్.లాగ్ వరుసలు తీసేయి, ఎందుకంటే కన్సోల్‌లో చూపిన ఆబ్జెక్టులను డెవ్‌టూల్సే పట్టుకుని ఉంచి నిన్ను తప్పుదారి పట్టిస్తుంది.

కోడు మార్చడం మొదలుపెట్టకముందే ఈ పరీక్ష ఒకసారి చేసి, ఆ రిటైనర్స్ వరుసను ఉన్నదున్నట్లు నాకు పంపు. ఇద్దరం కలిసి చదువుదాం.

ఇట్లు,
మామయ్య