‘ఏషియన్’ గడి గురించి టెన్షన్ వద్దు, వ్యాసం మీద దృష్టి పెట్టండి

నమస్తే అండీ. మీ అబ్బాయి, అమెరికా కాలేజీలకు ఉమ్మడిగా దరఖాస్తు పెట్టే కామన్ యాప్‌లో జాతి అడిగే ప్రశ్న దగ్గర ‘ఏషియన్’ గడిలో టిక్ పెడితే సీటు పోతుందేమో, ఖాళీగా వదిలేద్దామా అని అడిగారు. ఆ భయం వదిలెయ్యండి. 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీల కేసుల్లో, జాతిని బట్టి అడ్మిషన్లు ఇవ్వడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ఏడాది ఆగస్టు నుంచి కాలేజీలు కావాలంటే ఆ సమాధానం తమకు కనిపించకుండా పెట్టుకోవచ్చు. అది తప్పనిసరి ప్రశ్న కూడా కాదు. నా మాటగా అయితే నిజం రాయమనండి, ఇంటిపేరు ఎలాగూ దాగదు కదా.

అసలు చూసుకోవాల్సింది దరఖాస్తుతో పాటు పంపే వ్యాసం. జాతి తన జీవితాన్ని ఎలా తాకిందో విద్యార్థి రాస్తే కాలేజీ పరిగణించవచ్చని, అయితే అది ఆ విద్యార్థి ధైర్యానికో పట్టుదలకో ముడిపడి ఉండాలని ఆ తీర్పులోనే ఉంది. మా అమ్మాయి మొదట కూచిపూడి, దీపావళి గురించి రాసింది. ఎవరైనా రాయగలిగేదే అనిపించింది. తర్వాత, హాజరు పిలిచేటప్పుడు తన పేరు దగ్గర టీచర్ ఆగిపోవడం, ఒకరోజు తనే లేచి బోర్డు మీద అక్షరాలు విడదీసి రాసి అందరితో పలికించడం రాసింది. చదువుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. మీ వాడినీ అలాంటి ఒక్క రోజు గుర్తు చేసుకోమనండి. రాశాక మనం మాత్రం దిద్దకూడదు.